కోనసీమ తోటలో కొయ్య ఇల్లు: పునాది నుంచి పట్టె మంచం దాకా

దుంగల ఇల్లు అనగానే చాలామందికి గుర్తుకువచ్చేది పైన్ దుంగలను అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చి, మూలల్లో గాడి కోసి కలిపిన చలిదేశపు ఇల్లు. స్కాండినేవియా, రష్యా, ఉత్తర అమెరికా అడవుల్లో నిటారుగా, ఒకే లావున పెరిగే చెట్లు ఇంటి పక్కనే దొరికాయి. లావుపాటి కొయ్యగోడ మంచుకాలపు చలిని ఆపింది. అందువల్ల అక్కడ ఆ పద్ధతి నిలిచింది. గోదావరి డెల్టాలో అటువంటి చెట్లూ లేవు, అటువంటి చలీ లేదు. ఇక్కడి ఇల్లు ఉక్కను, చెదలను, వరదనీటిని, తుఫాను గాలిని తట్టుకోవాలి.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల గోడ ఎత్తు ఉన్న ఇల్లు అనుకుంటే చుట్టుకొలత 72 అడుగులు. తొమ్మిది అంగుళాల దుంగలతో పేర్చితే పన్నెండు వరుసలు, అంటే 864 అడుగుల దుంగ కావాలి. తలుపులు, కిటికీల ఖాళీ తీసివేయకుండా చూస్తే అది సుమారు 380 ఘనపుటడుగుల కలప. అదే ఇంటికి ఆరంగుళాల చదరపు స్తంభాలు పన్నెండు నిలిపి, వాటి మధ్య అంగుళం మందం పలకలు బిగిస్తే గోడలకు 83 ఘనపుటడుగులకు మించదు. పైగా పేర్చిన దుంగలు ఎండేకొద్దీ గోడంతా కిందికి కుంగుతుంది, తలుపులు పట్టేస్తాయి, దుంగకూ దుంగకూ మధ్య సందుల్లో తడి నిలిచి చెదలకు దారి అవుతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో చెప్పబోయేది మన మండువా లోగిళ్లలో తరతరాలుగా నిలిచిన స్తంభం, దూలం, వాసం పద్ధతి. దుంగ రూపం మీద మోజు ఉంటే కోతమిల్లులో మొదటి కోతకు ఊడివచ్చే వంపు చెక్కలను, బెరడు పూర్తిగా చెక్కేసి, బయటి గోడకు తొడుగుగా కొట్టించుకోవచ్చు.

డెల్టాలో కొయ్య ఇంటి ఆయుష్షు ఎంతో రెండు చోట్ల తేలుతుంది: స్తంభం అడుగున, చూరు కింద. ఈ రెండు చోట్లా శ్రద్ధగా ఖర్చు పెట్టినవారు మిగతా చోట్ల కొంత పొదుపు చేసినా ఇబ్బంది ఉండదు.

స్థలాన్ని వానల్లో చూడాలి

ఎండాకాలంలో ఏ తోటైనా మెరకగానే కనిపిస్తుంది. స్థలం ఎంచుకోవడానికి సరైన సమయం భాద్రపదం నుంచి కార్తికం దాకా, వాన వెలిసిన మర్నాడు ఉదయం. నీరు ఎక్కడ నిలిచింది, బోదె ఎటు పారుతోంది, తోటలోని నూతిలో నీరు నేలకు ఎన్ని అడుగుల కింద ఉంది అన్నవి ఆ రోజు చూసి రాసుకోవాలి. తరువాత ఊళ్లో పెద్దవారిని 1986 ఆగస్టు వరద గురించి అడగాలి. ఏ గోడ మీద ఏ మట్టం దాకా నీరు వచ్చిందో చేయి పెట్టి చూపించగలవారు గోదావరి పాయల వెంట ఉన్న గ్రామాల్లో ఇప్పటికీ ఉన్నారు. 2022 జూలై వరద గుర్తులైతే అందరికీ తెలుసు. ఏటిగట్టుకు నది వైపున ఉన్న లంక భూమిలో ఎంత అందమైన జాగా దొరికినా శాశ్వతమైన ఇల్లు తలపెట్టవద్దు. అక్కడ పాకే తగినది.

చెట్లను కూడా చూడాలి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు తోటలకు తోటలుగా కూలిపోయాయి. చెట్టంత దూరంలో ఇల్లు కట్టడం కొబ్బరితోటలో సాధ్యం కాదు గనుక, కనీసం ఇంటి వైపు ఒరిగి ఉన్న చెట్టు ఏదీ లేని జాగాను ఎంచుకోవాలి. కాయ పడే పరిధిలో కప్పు ఉండకూడదు. వసారా దక్షిణం వైపు పెడితే వేసవి సాయంత్రాల్లో పైరగాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. పడమటి గోడకు కిటికీలు తగ్గిస్తే ఎండా, నైరుతి వానజల్లూ రెండూ తగ్గుతాయి.

పంచాయతీ నుంచి ప్లాను అనుమతి తీసుకోవాలి. సముద్రానికి దగ్గరైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయేమో విచారించాలి. సొంత తోటలోని చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ఏం చేయాలో, టేకు రవాణాకు అటవీ శాఖ పర్మిట్ ఎలా పొందాలో ముందే తెలుసుకుంటే పని మధ్యలో ఆగదు.

ఏ కలప ఎక్కడ

నా అభిప్రాయంలో డెల్టాలో దొరికే ఉత్తమమైన కలప కొత్తది కాదు, పాతది. మండువా ఇళ్లు విప్పుతున్నప్పుడు వచ్చే టేకు దూలాలు, ద్వారబంధాలు, స్తంభాలు దశాబ్దాలుగా ఎండి, వంకర పోవలసినంత పోయి, ఇక కదలని స్థితికి వచ్చినవి. అవి కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, సన్నటి బెజ్జాల నుంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల పనిచేస్తోందని అర్థం. ఆ దూలం వద్దు. రెండవది, లోపల విరిగి మిగిలిన పాత మేకులు. కోతమిల్లుకు పంపే ముందు ఒక అయస్కాంతాన్ని దూలం పొడవునా జరిపి మేకులన్నీ పీకించకపోతే రంపం పళ్లు పోతాయి, మిల్లువారితో మాటా పోతుంది.

తాటిదూలం మన నేల ఇచ్చిన ఇనుము. అయితే దానిని చూసి కొనడం తెలియాలి. తాడి, కొబ్బరి వంటి చెట్లకు చేవ బయటి వైపున ఉంటుంది, నడుమ అంతా మెత్తని బెండు. అందుకే మనవారు ఆ బెండు తోడేసి తాటిదోనెలు చేసుకోగలిగారు. అడితిలో దూలం కొసను తడిగుడ్డతో తుడిచి చూడండి. నల్లటి నారలు చింతపిక్క రంగులో ఒకదానినొకటి ఒరుసుకుంటూ, బొటనవేలి గోరుతో నొక్కితే గోరే వంగేలా ఉంటే అది ముదురు చెట్టు. నారలు దూరదూరంగా చుక్కల్లా ఉండి, మధ్యలో లేత గోధుమరంగు మెత్తదనం కనిపిస్తే లేతచెట్టును ముదురుగా అమ్ముతున్నారని అర్థం. పిడికిలితో తట్టితే వచ్చే శబ్దం కూడా చెబుతుంది: ముదురుది ఖంగుమంటుంది, లేతది దబ్‌మంటుంది.

కాపు తగ్గిన అరవై ఏళ్లు దాటిన కొబ్బరి చెట్లు సొంత తోటలో ఉంటే వాటినీ వాడవచ్చు. మొదలు వైపు, బయటి అంచున తీసిన కలప ఘనపు మీటరుకు 600 కిలోలకు పైగా తూగుతుంది. దూలాలకు, నేల పలకలకు అదే పనికివస్తుంది. 400 నుంచి 600 కిలోల మధ్యది గోడ పలకలకు సరిపోతుంది. అంతకన్నా తేలికైన నడిభాగం బరువు మోసే పనికి వద్దు. కొబ్బరి కలప రంపాలను త్వరగా మొద్దు చేస్తుంది గనుక టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్లున్న రంపం ఉన్న మిల్లును వెతకాలి. నరికిన మాను వెంటనే కోతకు పంపాలి. తోటలో పడి కుళ్లే మాను కొమ్ముపురుగుకు పుట్టిల్లు. అక్కడ పెరిగిన పురుగు బతికున్న చెట్ల మొవ్వులు తొలుస్తుంది.

తలుపులకు, కిటికీ చట్రాలకు టేకు, లోపలి స్తంభాలకు మద్ది, అల్మరాలకు వేప. సరుగుడు బాదులు పరంజాకు బాగుంటాయిగానీ స్తంభాలకు పనికిరావు. ఈ మాట నేను నష్టపోయి తెలుసుకున్నాను. మా తోటలో మొదట వేసిన పందిరికి సరుగుడు బాదులు నేలలో రెండడుగులు పాతించాను. మూడో ఏట ఒక మామూలు గాలికే అది ఒరిగింది. కర్ర పైన రాయిలా ఉంది. సరిగ్గా నేలగీత దగ్గర మాత్రం వేలు పెడితే అటుకుల్లా రాలింది. నేల లోపల గాలి ఆడదు, పైన తడి నిలవదు; ఆ రెండూ కలిసే గీత దగ్గరే శిలీంద్రానికి కావలసినదంతా దొరుకుతుంది.

కోసిన పలకలను నీడలో, నేలకు అడుగున్నర ఎత్తున, వరుసకూ వరుసకూ మధ్య అంగుళం పట్టీలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాలి. అంగుళం పలకకు కనీసం మూడు నెలలు కావాలి. వెదురు, కొబ్బరి, మరే మెత్తని కలపకైనా బోరాన్ మందు తప్పనిసరి: వంద లీటర్ల నీటిలో మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ ఆసిడ్ కరిగించి, టార్పాలిన్ పరచిన గోతిలో పోసి, వారం పది రోజులు నానబెట్టాలి. వెదురైతే ముందుగా ఇనుపచువ్వతో లోపలి కణుపులను పొడిచి తెరవాలి. ఈ మందు వానకు కరిగిపోతుంది గనుక చూరు కింద నీడలో ఉండే కలపకే ఇది పనికివస్తుంది. నేల పలకల కింది దూలాలకు జీడిపెంకుల నూనె మంచిది; జీడిపప్పుకు పేరుపడిన మోరి పరిసరాల్లో దాని కోసం విచారించవచ్చు. అది చర్మాన్ని కాలుస్తుంది, చేతొడుగులు లేకుండా ముట్టకూడదు.

పాదాలు పొడిగా

కొయ్య ఏదీ నేలను తాకకూడదు. ఇరవై అడుగుల వైపు నాలుగు వరుసలు, పదహారు అడుగుల వైపు మూడు వరుసలు చొప్పున పన్నెండు కాంక్రీటు దిమ్మెలు వేయాలి. ఒక్కొక్క దానికి మూడడుగుల చదరంలో, నాలుగైదు అడుగుల లోతు గొయ్యి తీసి, అడుగున ఇసుకను పొరలుపొరలుగా పోసి తడిపి దిమ్మిసా కొట్టి, దానిపై కాంక్రీటు పాదం పోయాలి. ఇసుక మట్టిలో ఇది చాలు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, దిమ్మెలు ఒక్కొక్కటి ఒక్కో తీరున కదులుతాయి; అటువంటి చోట ఇంజనీరును సంప్రదించి అండర్ రీమ్‌డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు) వేయించడమే మేలు. ఏ నేలైనా దిమ్మెలన్నిటినీ కలుపుతూ ఒక కాంక్రీటు బెల్టు పోయాలి.

దిమ్మె ఎత్తు ఊరి వరద గుర్తుకు అడుగున్నర పైన ఉండాలి. వరద రాని చోట కూడా రెండున్నర అడుగులకు తగ్గకూడదు. ఆ ఎత్తు వల్ల కింద గాలి ఆడుతుంది, మనిషి టార్చిలైటు పట్టుకుని ఇంటి అడుగున పాకి చూడగలడు. ప్రతి దిమ్మె తల మీద అంచులు కిందికి వంచిన గాల్వనైజ్డ్ రేకు టోపీ పెట్టించాలి. రేకు చెదలను చంపదు. అయితే అవి ఆ అంచు మీదుగా మట్టిగొట్టం కట్టుకుని చుట్టూ తిరిగి రావలసి వస్తుంది, ఆ గొట్టం మన కంటపడుతుంది. రేకు మీద ఇనుప పాదు నిలిపి, కాంక్రీటుకూ స్తంభానికీ మధ్య అంగుళం ఖాళీ ఉంచి బోల్టులతో బిగించాలి.

ఇంకొక మాట: కొయ్య ఇల్లు తేలిక. డెల్టా తీరానికి భారతీయ ప్రమాణాలు సూచించే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంత గాలి ఇంటిని పక్కకు తోయడమే కాక పైకి లేపుతుంది. అందుకే పాదులోని 16 మిల్లీమీటర్ల బోల్టు దిమ్మెలోకి అడుగున్నర దిగి ఉండాలి. వాసం నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి దిమ్మెకు ఇనుప పట్టీల కట్టు ఎక్కడా తెగకూడదు. మేస్త్రి ఎంత అనుభవజ్ఞుడైనా బరువు కిందికి దిగడం గురించే ఆలోచిస్తాడు. ఈ సంగతి యజమాని పట్టుబట్టి చెప్పాలి.

చట్రం, గోడలు

స్తంభాలకు బెజ్జం తొలిచి, దూలం కొసను అందులో బిగిసేలా చెక్కి, చీల కొట్టడం మన వడ్రంగులకు చేతిలో పని. దానికి తోడుగా ప్రతి మూలన రెండు వైపులా ఏటవాలు కొయ్యలు వేయించాలి. అవి లేని చట్రం గాలికి అగ్గిపెట్టెలా పక్కకు వాలుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట మామూలు మేకులు తుప్పు పట్టి కొయ్యను నల్లగా తినేస్తాయి, కనుక గాల్వనైజ్డ్ మేకులే వాడాలి. గోడ పలకలను నిలువుగా కాక అడ్డంగా, పై పలక అంచు కింది పలక మీదకు అంగుళం దిగేలా కొట్టిస్తే జల్లు లోపలికి రాదు. పై తొమ్మిది అంగుళాలు పలక బదులు వెదురు తడికె పెడితే వేడిగాలి బయటికి పోతుంది. కిటికీలకు అద్దాలు వద్దు. నిండు కొయ్య తలుపులు, లోపల అడ్డగడియ ఉండాలి. తుఫానులో ఒక్క కిటికీ తెరుచుకున్నా లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి తన్నుతుంది.

కప్పు

వానకు చూరు వెడల్పుగా ఉండాలి, తుఫానుకు పొట్టిగా ఉండాలి. ఈ తగవును తీర్చే మార్గం ఒకటుంది: అసలు ఇంటి కప్పుకు చూరు అడుగున్నర మించకుండా వేసి, గోడలకు నీడనిచ్చే పనిని వసారా కప్పుకు అప్పగించాలి. వసారా కప్పు ఇంటి కప్పుకు కొనసాగింపుగా కాక, ఒక మెట్టు కిందగా, విడి స్తంభాల మీద ఉండాలి. గాలి ఎప్పుడైనా వసారాను ఎగరేసుకుపోయినా ఇంటి కప్పు దానితో వెళ్లదు.

కప్పు నాలుగు వాలులుగా ఉంటే రెండు వాలుల కప్పుకన్నా గాలిని బాగా తట్టుకుంటుంది. ఎనిమిది అడుగుల అడ్డానికి నాలుగున్నర అడుగుల ఎత్తు వచ్చేలా వాలు పెట్టాలి. తాటాకు చల్లగా ఉంటుంది, కంటికి ఇంపుగా ఉంటుంది. అయితే రెండు మూడేళ్లకు మళ్లీ నేయించాలి, వేసవిలో నిప్పు భయం ఎప్పుడూ ఉంటుంది. నా సలహా అసలు ఇంటికి మంగుళూరు పెంకు, తోటలోని పాకకు తాటాకు. పెంకుల కింద వెదురు తడికె పరిస్తే వేడి తగ్గుతుంది. చూరు వెంట ఉన్న రెండు వరుసల పెంకులను రీపర్లకు (పెంకులు ఆనే అడ్డపట్టీలకు) తీగతో కట్టించాలి, కొప్పును సున్నపు గచ్చుతో మూయించాలి. గాలి మొదట ఎత్తేది వాటినే. సంక్రాంతి వెళ్లగానే చట్రం పని మొదలుపెడితే రోహిణి కార్తె దాటేలోగా కప్పు పూర్తవుతుంది.

వసారాను మట్టి నింపిన ఇటుక అరుగు మీద కట్టవచ్చు. కానీ ఆ అరుగుకూ ఇంటి కొయ్యకూ మధ్య మూడంగుళాల ఖాళీ వదలండి. లేకపోతే అరుగు మట్టిలోని చెదలకు రేకు టోపీలు దాటే అవసరమే లేకుండా వంతెన వేసినట్టవుతుంది.

వంటిల్లు, స్నానాలగది ఇటుకతో విడిగా కట్టి కప్పిన నడవతో కలపాలి. సెప్టిక్ ట్యాంకు నూతికి కనీసం యాభై అడుగుల దూరంలో, వరదనీరు చేరని చోట ఉండాలి. కరెంటు తీగలన్నీ గొట్టాల్లోనే నడవాలి. లీకేజీకి తెగిపోయే బ్రేకరు తప్పనిసరి.

సామాను

మొదటి నియమం: ఏ సామానూ గోడకు ఆనకూడదు. మూడంగుళాలు వదిలితే గాలి ఆడుతుంది, చీపురు దూరుతుంది, చెదలు కనిపిస్తాయి. బట్టలకు అల్మరా కన్నా స్తంభాలకు కొట్టిన చిలక్కొయ్యలు, దండెం నయం. వర్షాకాలంలో మూసిన అల్మరాలో బట్టలకు బూజు పడుతుంది. పాత కావిడిపెట్టె ఒకటి దొరికితే కాళ్లు వేయించి దుప్పట్లకు వాడుకోవచ్చు. దూలాల మీద అటక వేస్తే పరుపులు, వరదరోజుల్లో బియ్యం బస్తాలు పైకి ఎక్కించవచ్చు.

పడకకు నవారు పట్టె మంచాలు మేలు. నులక అందమే కానీ వానాకాలంలో సాగి ఊయల అవుతుంది, వారానికోసారి బిగించాలి. దోమల ఊరు గనుక ఒక్క పందిరి మంచమైనా దోమతెరతో ఉండాలి. వసారాలో పడక కుర్చీ, తుంగచాపలు, కిటికీకి నరసాపురం లేసు తెర. ఉయ్యాలబల్లను మాత్రం తేలికగా తీసుకోవద్దు: నలుగురు కూర్చుని ఊగితే మూడు వందల కిలోలు పైగా కుదుపుతో లాగుతాయి. గొలుసులను వాసానికి కాక, అసలు దూలానికి ఆరపార బోల్టు వేసి, పై వైపున ఇనుప బిళ్ల పెట్టి బిగించాలి.

నేల విషయంలో మా ఇంట్లో ఒక తగవు నడిచింది. కొయ్య నేలను పిండిన గుడ్డతో తుడవాలే తప్ప కడగకూడదని నేను, బిందెడు నీళ్లు పోయనిదే ఇల్లు శుభ్రమైనట్టు కాదని అమ్మ. ఏడాది వాదించి ఓడిపోయాను. భోజనాల చోటును వసారాలోకి మార్చి అక్కడ నాపరాళ్లు పరిపించాను. ఇప్పుడు కడిగేది అక్కడే.

ఏటా చేయవలసిన పని

మే మొదట్లో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి ఇంటి కిందకు పాకి పన్నెండు దిమ్మెలూ చూడాలి. రేకు అంచు మీద మట్టిగొట్టం కనిపిస్తే గీకేసి, ఆ దిమ్మె పక్క నేలలో పుట్టను వెతకాలి. విరిగిన పెంకు, వదులైన తీగ అదే రోజు సరిచేయాలి. ఇంటి అడుగున కట్టెలు, డొక్కలు దాచవద్దని తోటలో పనిచేసేవారికి గట్టిగా చెప్పాలి. మొదటి వేసవి గడిచాక కొయ్య ఎండి బోల్టులన్నీ ఒకటి రెండు చుట్లు వదులవుతాయి. పానాను వసారాలోని చిలక్కొయ్యకే తగిలించి ఉంచండి, జూన్ వానకు ముందే అన్నిటినీ ఒక వరుసన బిగించుకుంటూ రావచ్చు.